గుడ్డముక్కల దిండు, నా కుడిచెయ్యి

ఆ పొద్దు బావికాడ పాచి మీద కాలు జారి పడినాను. కుడి అరచెయ్యి ఆనించి పడినాను గనక తల బతికింది, మణికట్టు పోయింది. ముందు పెద్దగా నొప్పి లేదు, చెప్తే ఎవురూ నమ్మరు. లేచి బిందె ఎత్తబోతే వేళ్ళు నా మాట వినలేదు. ఇది మామూలు బెణుకు గాదని అప్పుడు తెలిసింది.

నేను చిత్తూరులో ఇంట్లోనే రవికెలు కుడతాను. మా వీధిలో ఎవురింట్లో పెండ్లయినా గుడ్డ నా దగ్గరికే వస్తాది. ఆ చెయ్యి పడిపోతే ఇంగ నేను ఎందుకు పనికొస్తానని నాకు పుట్టిన భయం అంతా ఇంతా గాదు.

మా ఆయన నన్ను పుత్తూరుకు తీసుకుపోయినాడు. ఎముకలు కట్టే పెద్దాయన మణికట్టు తడిమి, లాగి సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టినాడు. ఆ లాగుడుకు నాకు కండ్లు బైర్లు కమ్మినాయి. రమ్మన్నప్పుడల్లా పోయి కట్టు మార్పించుకున్నాము. ఆఖరు కట్టు విప్పి, "ఎముక అతుక్కునిందమ్మా. ఇంగ వేళ్ళు కొంచెం కొంచెం ఆడించు" అని పంపించినాడు.

ఇంటికొచ్చినాక మా అత్త ఒప్పుకోలేదు. మా ఇంట్లో బాలింతనైనా, అమ్మవారు పోసి లేచినోళ్ళనైనా ఒక మండలం పాటు పని ముట్టనీరు. అత్త నా చేతికి కూడా మండలం పెట్టింది. పాత చీర చించి మెడకు జోలె కట్టి, చెయ్యి అందులో పెట్టి, "కదిలించినావంటే సూడు, ఎముక మళ్ళా పక్కకు పోతాది" అనింది. అన్నం కలిపి తినిపించింది, తల దువ్వింది. అంత ప్రేమగా చేస్తా ఉంటే ఎదురు చెప్పేదెట్లా? నాకూ భయమే. చెయ్యి జోలెలోనే పెట్టుకుని కూర్చున్నాను.

మండలం అయి జోలె తీసేసరికి వేళ్ళు కొయ్యముక్కల మాదిరి బిగుసుకుని ఉండాయి. పిడికిలి పడదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి తాకవు. సూది పట్టేది ఆ రెండు వేళ్ళతోనే గదా. పడిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

యుద్ధకాలం, పెట్రోలు దొరకదు. బొగ్గుతో నడిచే బస్సెక్కి వేలూరు ఆసుపత్రికి పోయినాము. ఎక్స్‌రే తీసినారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి సూసి, "ఫ్రాక్చర్ బాగా యునైట్ అయింది. కట్టినోళ్ళు చక్కగా కట్టినారు. ఇప్పుడుండేది స్టిఫ్‌నెస్. వేడినీళ్ళలో చెయ్యి పెట్టి రోజూ ఎక్సర్‌సైజ్ చెయ్యాల" అనింది.

"మళ్ళా సూది పడతానా డాక్టరమ్మా?"

"వేళ్ళను ఊరికే పెట్టుకోకుంటే పడతావు."

ఎక్సర్‌సైజ్ అంటే గోడ పక్కన కూర్చుని వేళ్ళు ముడిచేది, తెరిచేది. నాకు ఒళ్ళుమంట. చేసినాక చేతికి ఏమీ రాని పని నేనెప్పుడూ చేసి ఎరగను. కొన్నాళ్ళు చేసి మానేసినాను.

మా బిడ్డ సరోజకు అప్పుడు ఏడేండ్లు. పక్కింటి పిల్లకు సొంత దిండు ఉండాదంట. "మా, నాకూ దిండు కుట్టియ్యి" అని పట్టుకునింది. గుడ్డకు కంట్రోలు వచ్చిన కాలం, కొత్తగుడ్డ యాడుండాది? రవికెల్లో మిగిలిన ముక్కలు మాత్రం మూటకట్టి ఉండాయి.

"నా చెయ్యి సూస్తా ఉండావు గదా, ఎట్ల కుట్టేది?" అన్నాను.

"నేను కుడతా. నువ్వు పట్టుకో."

ముక్కల మీద పోస్టుకార్డు పెట్టి సుద్దతో గీసింది, రెండు చేతులా కత్తెర పట్టి కోసింది. ఒక్కటీ తిన్నగా లేదు. రెండు ముక్కలు కలిపి నేను కుడిచేతి వేళ్ళతో పట్టుకోవాల. అది సూది గుచ్చుతాది. అవతలికొచ్చిన సూదిని నేను లాగాల. ముక్క జారిపోతే మా అత్తయితే "అయ్యో పాపం" అంటాది. ఇది మాత్రం "గట్టిగా పట్టుకో మా, కుట్టు వంకర పోతా ఉండాది" అని కసిరేది. ఆ కసురుకు రోషమొచ్చి పట్టుకునేదాన్ని. దారం కొసన ముడి ఎయ్యడం దాని పనే, నా వేళ్ళకు రాదు. "రవికెలు కుట్టే అమ్మకు ముడి రాదంట" అని నవ్వేది.

ముక్కలు వరసలు వరసలుగా అతుక్కుంటా ఉంటే నాకు ఆశ ఎక్కువైంది. ఒకరోజు పొద్దస్తమానం వదలకుండా కుట్టినాము. తెల్లారేసరికి మణికట్టు ఉబ్బిపోయింది. "చెప్తే విన్నావా? మళ్ళా విరగ్గొట్టుకున్నావు" అని అత్త తల పట్టుకునింది.

ఈసారి అత్త కూడా మాతో వేలూరుకు వచ్చింది. డాక్టరమ్మ చెయ్యి తిప్పి సూసి, "ఏమీ విరగలేదు. ఓవర్‌గా చేసినావు. మానొద్దు, సగం చెయ్యి. ఇంతకీ ఏం చేస్తా ఉండావు?" అని అడిగింది. దిండు సంగతి చెప్పినాను. "అయితే నేను వేరే ఎక్సర్‌సైజ్ చెప్పేది లేదు, దిండు కుట్టు" అని నవ్వింది. ఇంటికొచ్చినాక అత్త మూలనుండే బూరుగు దూది ముందరేసుకుని గింజలు ఏరడానికి కూర్చునింది.

మూడు పక్కలూ కుట్టి, దూది కూరి, ఆఖరు పక్క మిగిలింది. సరోజ బడికి పోయి ఉండాది. ఊరికే సూద్దామని దారం కొసను చూపుడువేలికి చుట్టి బొటనవేలితో నెట్టినాను. ముడి పడింది. ఆవగింజంత ముడి. దాన్ని సూసుకుంటా ఎంతసేపు ఏడ్చినానో, సంతోషం పట్టలేక.

సరోజ వచ్చి దారం తీసి సూసింది. "ఎవురేసినారు? అవ్వ ఏసిందా?"

"నేనే."

నా మొగం సూసింది, వేళ్ళు సూసింది. కత్తెర తీసి ముడిని కత్తిరించి పారేసింది. "మళ్ళా ఎయ్యి. నేను సూడాల."

దాని ముందర మళ్ళా ఏసినాను.

ఇప్పటికీ మణికట్టు పూర్తిగా తిరగదు, చలికాలం పొద్దున్నే పట్టేస్తాది. అయినా పెండ్లి రవికెలన్నీ నేనే కుడతా ఉండాను. ఎముక విరిగినోళ్ళకు నేను చెప్పేది ఒకటే. కట్టు విప్పినోళ్ళు వేళ్ళు ఆడించమంటే ఆ పొద్దే మొదలుపెట్టండి, ఊరికే ఆడించడం విసుగైతే ఒక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒకటి కుట్టండి. ఇంట్లో పెద్దోళ్ళందరికీ మీ మీద జాలి ఉంటాది. ఆ బిడ్డకు మాత్రం దిండు కావాల.