గేటు బయట సమ్మె, గేటు లోపల సమ్మె

మే డే సభల్లో మా పలాస జీడిపప్పు కార్మికులకు నాయకుడు ఒక్కడే ఉన్నట్టు మాట్లాడతారు. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరున్నారు. ఆ ఇద్దరి వెనకా నేను సమ్మె చేశాను.

ఒకాయన మాకు సంఘం పెట్టిన పెద్దాయన. యజమాని ఇచ్చిన టీ కూడా ముట్టనంత నిక్కచ్చి మనిషి. ఆయన సమ్మె అంటే ముందు నోటీసు, తర్వాత గేటు బయట షామియానా, నినాదాలు. రెండో ఆమె నా పక్కనే కూర్చుని పప్పుకు పొట్టు తీసేది. పదవీ లేదు, మైకంటే చిరాకు కూడా.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే ఒకామె మా వరసలోనే ఉండేది. భర్తకు కిడ్నీలు పోయాయి. అతన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లేందుకు నాగాలు పెడుతోందని ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ ఇంటికి ఆమె కూలి తప్ప దిక్కు లేదు. పెద్దాయన నోటీసిచ్చాడు. గేటు బయట గొంతులు పోయేలా అరిచాం. నోటీసు అందినప్పుడే యజమాని పప్పంతా ఇచ్ఛాపురం అవతల ఒడిశాకు పంపి పొట్టు తీయించుకున్నాడు. చివరికి మేమే తలలు దించుకుని పనిలోకి వెళ్లాం. ఆమె మాత్రం బయటే ఉండిపోయింది.

"మళ్లీ నోటీసిద్దాం," అన్నాడు పెద్దాయన.

"ముందే సెప్తే ఆడు సర్దుకోడా బాబూ?" అంది నా పక్కామె. "గేటు దాటొద్దు. పప్పు ఏడేడిగా వచ్చినాక సేతులు కట్టుకుని కూకుందాం."

వేడి గదిలోంచి వచ్చిన పప్పుకు వెంటనే పొట్టు తీయాలి. ఆలస్యమైతే మా సముద్రపు గాలికి చెమ్మ పట్టి పొట్టు అంటుకుపోతుంది, తీయబోతే పప్పు ముక్కలవుతుంది. సమ్మెకు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది?

మర్నాడు బుట్టలు వచ్చాయి. ఎవ్వరం ముట్టుకోలేదు. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు. యజమానే పరుగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది? నోటీసేదీ?"

"పప్పు సల్లారిపోతంది, సూసుకో బాబూ," అంది నా పక్కామె.

ఆయన గోనె సంచులు తెప్పించి తనే బుట్టల మీద కప్పాడు. మాకు నవ్వాగలేదు.

"సరే, రేపట్నుంచి ఆమెను రమ్మనండి."

"రేపు కాదు. ఆమొచ్చి కూకున్నాకే పప్పు ముడతాం."

పెద్దాయన లేకపోతే నోరు తెరిచి అడగొచ్చని మాకు తెలిసేది కాదు, కాదనను. కానీ గెలిపించింది నా పక్కామె. ఏ సభలోనైనా చెబుతాను.

యజమాని కారు పంపాడు. తీసేసిన మనిషి ఆ కారులోంచే దిగింది. ఎవరి వైపూ చూడకుండా వచ్చి తన చోట కూర్చుంది. అప్పుడు బుట్టలు దగ్గరకు లాక్కున్నాం.