హాసినికి ఒకటి రాదట!

నాలుగున్నరేళ్ళ పిల్ల ఫెయిలైందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఫోన్లో అవతల సుమలత ఏడుస్తోందని తెలిశాక నవ్వు ఆపేశాను. సుమలత వరంగల్‌లో ఉండే మా తమ్ముడు రాజేశం కోడలు, హాసిని ఆమె కూతురు.

"హాసినికి లెక్క తెలుస్తలేదంట అత్తమ్మా. శుక్రవారం మళ్ళ చూస్తరంట. అప్పుడు గూడ రాకపోతే యూకేజీకి పంపరంట, కిందనే కూసోవెడ్తరంట. మీరు జర రాండ్రి, సదువుకున్నోళ్ళు," అంది.

ఎల్కేజీలో కూడా ఫెయిలుంటుందా! పోస్టాఫీసు కౌంటర్లో ఎన్నో వింతలు చూసి రిటైరయ్యాను గానీ ఇలాంటిది వినలేదు.

శుక్రవారం పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కాను. మీరూ వెళ్ళేట్టుంటే ముందే సీటు రిజర్వు చేసుకోండి, లేకపోతే జనగామ దాకా నిలువుకాళ్ళ జీతమే. భువనగిరి దాటాక డబ్బా విప్పి ఉప్మా తిన్నాను. ఎదురు సీట్లో ఒకావిడ తన చిన్న కూతురికి ఫోన్లో బొమ్మలు చూపిస్తూ, "ఇదేంది? జల్ది చెప్పు," అని ఒకటే పోరు. ఆ పిల్ల ఆవులిస్తూ "పైనాపిల్" అంది.

"ఎందుకమ్మా అంత తొందర?" అన్నాను.

"నర్సరీ ఇంటర్వ్యూ ఉందమ్మా. చెప్పకపోతే సీటియ్యరు."

"పైనాపిల్ ఎప్పుడన్నా తిన్నావా?" అని పిల్లనడిగాను. తల అడ్డంగా ఊపింది. తల్లి కాజీపేట వచ్చేదాకా నా వైపు మళ్ళీ చూడలేదు.

పదిన్నరకు వరంగల్‌లో దిగాను. సుమలత, హాసిని స్టేషన్ బయటే ఉన్నారు. ముగ్గురం ఆటో మాట్లాడుకుని హనుమకొండ చౌరస్తా మీదుగా సుబేదారి బయల్దేరాం. బడి లేనప్పుడల్లా హాసిని తాత దగ్గరే, బీట్‌బజార్‌లోని మా బియ్యం, పప్పుల కొట్లోనే ఉంటుంది. మా నాన్న పెట్టిన కొట్టు అది. దారంతా ఆ పిల్ల నోరు మూయలేదు. కందిపప్పుకు పురుగు పట్టకుండా ఏం చేయాలో నాకు చెప్పింది. ఈ పిల్లనా వెనకబడిందన్నది!

బడి గోడల నిండా జిరాఫీలు. పరీక్ష గదిలోకి తల్లులు రాకూడదన్నారు. "నేను తల్లిని కాదు," అని లోపలికి నడిచాను. ఆయమ్మ తలుపు వదిలి పక్కకు జరిగింది.

టీచరు ఇరవై దాటీ దాటని అమ్మాయి, మెత్తని మనిషి. అంకెల పాట పాడమంటే హాసిని వన్ నుంచి ట్వంటీ దాకా గుక్క తిప్పుకోకుండా పాడింది. తర్వాత టీచరు బల్ల మీద గుండీలు పోసి, "ఇప్పుడు తెలుగుల ముట్టుకుంటూ లెక్కవెట్టు," అంది. హాసిని మొదటి గుండీని పక్కకు జరిపి గట్టిగా అంది: "లాభం!"

తర్వాత రెండు, మూడు, నాలుగు... పది దాకా ఒక్కటీ తప్పలేదు.

టీచరు నిట్టూర్చింది. "చూసిన్రా అమ్మా? ఎప్పుడు ఇంతే. పాట వస్తది, ఒకటి రాదు. ఏందో మాట అంటది."

ఆ మాట నాకు తెలుసు. మా కొట్లో మానికతో గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. బేరం మంచి మాటతో మొదలవ్వాలని. మా నాన్న అంతే, రాజేశం అంతే. తాత పక్కన కూర్చుని పిల్ల కూడా అంతే నేర్చుకుంది. లెక్క రాకపోవడమేమిటి నా మొహం, మూడు తరాల లెక్క వచ్చు దానికి!

చెప్పేసరికి టీచరు మొహం పాలిపోయింది. "అయ్యో, నాకు తెల్వదమ్మా. మా ఇంట్ల అన్ని ప్యాకెట్లే," అంది. కాగితం మీద తప్పు కొట్టేసి ఒప్పు వేసింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ అంది: "కాని సోమవారం పెద్ద మేడం చూస్తరు. ఆమెదే ఆఖరి మాట. నేను చెప్పినా ఇనరు, పిల్లకు రెండు నిమిషాల కంటె ఎక్కువ ఇయ్యరు. అప్పటిదాక ఒకటి అనిపియ్యుండ్రి."

పెద్ద మేడం గదికి తాళం. పసిదాని ఏడాది చదువు రెండు నిమిషాల్లో తేలిపోతుందట!

ఇంటికొచ్చి చెబితే రాజేశం పకపకా నవ్వాడు, తర్వాత చప్పబడిపోయాడు. రెండు రోజులు ఇంటిల్లిపాదీ అదే పని. పిల్ల ఇంట్లో ఒకటి అనేది, కొట్లో మానిక కనబడగానే లాభం అనేది. సుమలత కసిరితే, "తాత అనంగ నేనెందుకనద్దు?" అంది.

ఆదివారం సాయంత్రం నా తిరుగు ప్రయాణం. "ఆడిబిడ్డను ఉత్త చేతుల పంపుతానక్కా?" అంటూ రాజేశం కొట్లో సంచి తెరిచి మానిక నిండా బియ్యం ముంచాడు. చెయ్యి గాల్లోనే ఆగింది. ఒకసారి మనవరాలి వైపు చూశాడు. "ఒకటి," అన్నాడు.

ఆ కొట్లో ఆ మాటతో కొలత మొదలవడం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. హాసిని ఎగిరి లేచింది. "తాతా, తప్పు! లాభం అనాలె!"

"తప్పు గాదు బిడ్డా. ఇగ గిదే ఒప్పు," అన్నాడు. నా మొహంలోకి చూడకుండా మిగతా మానికలు పోసి సంచి మూతి కట్టాడు.

బండి కాజీపేట దాటింది. బియ్యం సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని టీ తాగుతుంటే ఫోన్ మోగింది. హాసిని. గుసగుసగా మాట్లాడుతోంది, తాతకు వినబడకుండా కాబోలు.

"తాత లాభం మర్శిపోయిండు. తాతను గూడ కింది క్లాసుల కూసోవెడ్తరా?"

"లేదమ్మా, తాతనెవరు కూర్చోబెడతారు?" అన్నాను.

"మరి నన్నెందుకు కూసోవెడ్తమన్నరు?"

ఫోన్ చెవికి ఆనించుకునే బియ్యం సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. పిల్లలకేం వచ్చో చూడ్డానికి వరంగల్ దాకా వెళ్ళి, మనకేం రాదో చూసి వస్తున్నాను. సికింద్రాబాదు దాకా ఆ సంచి మీద నుంచి చెయ్యి తీయలేదు.