ఉయ్యాలకు కట్టిన కొత్త కోక

శ్రీవిల్లిపుత్తూరు నుంచి తెచ్చిన పాల్కోవాను అత్త పాపకు నాకించిన సాయంత్రమే దాని ఒంటి మీద దద్దుర్లు లేచాయి. భయంతో నాకు ఏడుపొచ్చింది.

"ఆ పాల్కోవా వల్లే అత్తా."

"కాదు, ఎవురి కన్నో పడిండాది," అంటూ అత్త దిష్టి తీయడానికి గుప్పిట్లో ఉప్పు పట్టుకుంది.

పాపను బోర్లా తిప్పి చూస్తే దద్దుర్లన్నీ వీపు మీదే ఉన్నాయి. పాల్కోవా అయినా దిష్టి అయినా వీపునే ఎందుకు పట్టుకుంటుంది? నిదానంగా ఆలోచిస్తే ఉయ్యాల గుర్తొచ్చింది. మా మగ్గం మీంచి దిగిన కొత్త కోకను ముచ్చటపడి, గంజి పోయేలా ఉతక్కుండానే ఆ ఉదయం ఉయ్యాలకు కట్టాను.

ఆ మాట చెప్పగానే అత్త దాన్ని విప్పి, తన పాత మెత్తటి కోక కట్టింది. మర్నాటికి దద్దుర్లు తగ్గాయి. నేను నిందించిన ఆ పాల్కోవానే ఆమె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మిగిలిన పాల్కోవా నువ్వు తిను. బయపడి బయపడి బక్కయిపోతా ఉండావు," అంది.

ఇలాంటి అత్త దొరకడం నా అదృష్టం. పాప ఇప్పుడు ఆమె కోకలోనే నిద్రపోతోంది.