వంకరగా కోసే రంపం

రంపాల తాత పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకొని, తన కొట్టు తెరిచే ముందు నూనె డబ్బాతో వీధి చివరిదాకా నడిచేవాడు. ప్రతి కొట్టు తలుపు బందులకూ రెండేసి చుక్కలు వేసేవాడు. ఎవరూ అడిగింది లేదు. "కీచుమనే తలుపుతో రోజు మొదలైతే మనిషికీ కీచుగొంతే వస్తుంది" అనేవాడు.

మోటారు రంపాలు బాగుచెయ్యడం ఆయన పని. పెద్ద కొట్లవాళ్ళు ఇక పనికిరావని పంపేసినవన్నీ ఆయన గుమ్మానికే చేరేవి. మా ఇల్లు ఎదురుగానే కాబట్టి ఆ కొట్టులో మాటలన్నీ మాకు వినిపించేవి.

ఒకరోజు చెట్లు కోసే మేస్త్రీ భార్య, ముసలి రంపాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకొని వచ్చింది.

"తాతా, దీన్ని బతికిస్తావా, పాతినుముకు వేసెయ్యమంటావా? మా ఆయన రెండు గొలుసులు మార్చినా తిన్నగా కొయ్యదు. తాగుబోతు నడకే! ఇవాళ బాగుపడకపోతే రేపే దూరాన కలప అడితిలో కూలికి చేరతానంటున్నాడు. ఇక నెలకోసారే ఇంటి ముఖం చూసేది."

"నెలకోసారంటే సంతోషించే ఆడవాళ్ళూ ఉన్నారమ్మా."

"వాళ్ళలో నేను లేను. ముందు మరలు విప్పు!"

తాత నవ్వుతూ, పొరపాటున ఇంజను కదలకుండా ముందు ప్లగ్గు తీగ పీకాడు. మూత తీసి, గొలుసును తిప్పే పళ్ళచక్రం మీద గోరు జార్చాడు. గోరు గాడిలో దిగబడింది.

"ఇదిగో దొంగ! ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా. అరిగిన చక్రం మీద వేస్తే కొత్త గొలుసూ పాడే."

చక్రం మార్చాడు. గొలుసు పరుగెత్తే బారు అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే ఆకురాయితో సమం చేసి, తిరగేసి బిగించాడు. దుంగ మీద పెట్టి చూస్తే రంపం మళ్ళీ కుడివైపే లాగింది. ఆమె ముఖం చిన్నబోయింది.

తాత గొలుసు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "నా కళ్ళకు ఆనవు గానీ, ఎడమ పళ్ళూ కుడి పళ్ళూ పోల్చి చూడమ్మా."

"ఎడమవి పొట్టి తాతా! కుడివి పొడుగు."

"సాన పట్టేదెవరు?"

"ఆయనే. నన్ను ముట్టనివ్వడుగా!"

"చెయ్యి బాగా ఆడే వైపు గట్టిగా రుద్ది, రెండోవైపు పైపైన తడుముతున్నాడు. పొడుగు పళ్ళెటుంటే రంపం అటే పోతుంది."

ఆమె పకపకా నవ్వింది. "అయితే తప్పు మా మహానుభావుడిదేనా! చెట్టును తిట్టాడు, గొలుసును తిట్టాడు, పక్కన నిలబడ్డానని నన్నూ తిట్టాడు. ఇంటికెళ్ళి చెప్తా ఆయన పని!"

తాత చెప్తుంటే ఆమే కుడి పళ్ళు అరగదీసి, ఎడమవాటికి సమం చేసింది. ఈసారి దుంగ గీత గీసినట్టు తెగింది. ఇద్దరి తలల నిండా పొట్టే. ఆమె ఒక్క గంతు వేసి రంపాన్ని చంకనెత్తుకుంది. గడప దాటబోతుంటే తాత పిలిచాడు.

"అమ్మా, నాకో సాయం చేసిపెట్టు. పళ్ళ సంగతి నువ్వు ఎత్తకు. అడితి మాట మానుకొని, వీలు చూసుకొని ఒకసారి నా దగ్గరికి రమ్మను, చాలు. మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆకురాయి ఎలా పట్టాలో నేను మెల్లగా చెప్పుకుంటాను."