కుళాయి కింద అనుమానం

పెంచి చెప్పడం నా జబ్బు. మిర్చి యార్డులో తూకంలో తరుగు తీసినట్టు నా మాటల్లో సగం కొట్టేసి చదవండి.

మా నరసరావుపేట చిన్నమ్మ కూతురు వారమంతా మజ్జిగతోనే బతికేది. పెళ్లి బంతిలో కూర్చుంటే మాత్రం కోటప్పకొండంత గారెల గుట్ట కరిగిపోయేది. వరసంతా తిన్నాకే లేవడం మా మర్యాద. ఆమె మధ్యలోనే లేచి పెరట్లోకి పోయేది. వెంటనే సాగర్ గేట్లెత్తినట్టు కుళాయి హోరు. చెయ్యి కడగడానికి అన్ని నీళ్లా? గారెలు దాస్తోందని నా అనుమానం.

రొంపిచెర్ల పెళ్లిలో వెనకే వెళ్లాను. గారెలు లేవు. తిన్నదంతా కక్కేసి, ఎర్రబడ్డ కళ్లతో నిలబడి ఉంది.

"ఏందమ్మా ఇది?"

"కడుపు మాడిస్తే తలకాయి పగబట్టుద్దన్నయ్యా. ఒక్కటి నోట్లో పెట్టానా, ఇంక నా చెయ్యి నా మాట వినదు. ఆనక లావైపోతానని భయమేసి, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి కక్కేస్తా. అమ్మకు చెప్పమాక."

"చెప్పను. డాక్టరుకు నువ్వే చెప్పు, పద."

"పిచ్చిదంటారేమో?"

"రోజూ ఇన్ని కోతలు కోస్తున్నా, నన్నెవరన్నా అన్నారా?"

ఆమె నవ్వి నా బండెక్కింది.

గారెల గుట్టా, సాగర్ గేట్లూ తరుగులో తీసేయండి. అసలు కల్పించింది ఇంకొకటుంది: ఆమె నవ్వలేదు. బండి మాత్రం ఎక్కింది.