బొమ్మకి అడ్డం

ముందు కన్ను వేశారు.

గోడంతా తెల్లరంగు పూసి, రంగులో ముంచిన దారంతో గళ్ళు కొట్టి, ఆ గళ్ళలో బాగా పైన, నిచ్చెన ఎక్కితే తప్ప అందనంత ఎత్తున, ఒక కన్ను వేశారు. ఒక్కటే. అంతలో వాన పట్టుకుంది, పని ఆగిపోయింది. మొహం లేని ఆ కన్ను తడిగోడ మీద నాలుగైదు రోజులు అలాగే ఉండిపోయింది. దాని కింద మా అక్క నెత్తిన గోనెసంచి కప్పుకుని, తోటకూర కట్టలు పరుచుకుని కూర్చునేది. దారిన పోయేవాళ్ళు ముందు కన్ను వైపు చూసేవారు, తర్వాత అక్క వైపు చూసేవారు, ఏమీ కొనకుండా గబగబా వెళ్ళిపోయేవారు.

"ఎవరిదక్కా ఆ కన్ను?" అని అడిగాను.

"నాదేనంట్రా."

"నీకెవరు చెప్పారు?"

"ఆ బొమ్మలేసే పిల్లే చెప్పింది. మొన్న ఫోను పెట్టి ఫొటో తీసుకెళ్ళలేదూ, అందుకేనంట. మిగతా మొహం ఎండొచ్చాక వేస్తుందంట."

మాది రాజమండ్రి. గోదావరి గట్టుని ఆనుకుని పోయే రోడ్డులో ఒక పాత గోడౌను ఉంది. దాని ప్రహరీ గోడ పడమటి వైపుకి, అంటే నది వైపుకి, తిరిగి ఉంటుంది. కాబట్టి పొద్దుటి ఎండ ఆ గోడకి అవతలే ఆగిపోతుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా గోడ కింద నీడే. ఆకుకూర వాడకుండా ఉండాలంటే అంతకన్నా మంచి చోటు ఈ రోడ్డు మొత్తం మీద లేదు. మా బావ చనిపోయిన ఏడాది అక్క అక్కడ గంప దించింది. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి, మనవల పెళ్ళిళ్ళు అయ్యాయి, గంప మాత్రం అక్కడే ఉంది. లంకల నుంచి తెల్లారేసరికి రేవుకొచ్చే గోంగూర, బచ్చలి, తోటకూర అక్క చేతిలోంచే ఈ చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళాయి. మా ఇద్దరివీ పక్కపక్క వాటాలు. "ఇంక మానెయ్యక్కా, నేను పెట్టలేనా ఇంత ముద్ద" అని ఎన్నిసార్లు అన్నానో. "కూర్చోబెట్టి పెడితే రెణ్ణెల్లలో మంచం ఎక్కుతాను, మూడో నెల్లో నువ్వే మోస్తావు" అనేది. అది ఉత్తమాట కాదు. ఒకసారి కాలు బెణికి ఇరవై రోజులు ఇంట్లో ఉంటే మనిషి పలకడమే మానేసింది. ఆ గోడ కింద చోటు ఆవిడ బతుకు తెరువే కాదు, బతుకే.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. బస్తాలు మోస్తూ గోడల మీద చదువుకున్నాను. ఎన్నికల గుర్తులూ, సబ్బుల ప్రకటనలూ, ఇద్దరు చాలన్న ఎర్ర త్రికోణం కింది రాతలూ, మలేరియా మందు కొట్టి గుమ్మం పక్కన రాసిపోయే తారీఖులూ, ఇవే నా వాచకాలు. అందుకని గోడ మీద ఎవరేం గీసినా ఆగి చూడకుండా ముందుకు పోలేను. చూసినకొద్దీ కోపం వస్తుంది, అది వేరే సంగతి.

ఈ గోడల గురించి నాకు తెలిసింది ఒకటుంది. గోదావరి మీద లాంచీలు తిరిగిన రోజుల్లో ఊళ్ళో ఏ గోడ మీదా లాంచీ బొమ్మ లేదు. లాంచీలన్నీ రేవులో తుప్పు పట్టి పాత ఇనుముకి పోయాక ఒక హోటలు గోడ నిండా లాంచీ వేశారు. జట్కాల్ని స్టేషను ముందు నుంచి తరిమేశాక జట్కా బొమ్మ వచ్చింది. ఆ గుర్రానికి ఉన్న కండ నేనెరిగిన ఏ గుర్రానికీ లేదు. చేపలమ్మే ఆడవాళ్ళని ఒక సెంటర్లోంచి లేపేసి, అదే సెంటర్లో చేపలగంప ఎత్తుకున్న ఆడమనిషిని సిమెంటుతో చేసి నిలబెట్టారు. చుట్టూ పూలమొక్కలు, దీపాలు. ఆ గంపలో చేపలు కంపు కొట్టవు. ఆవిడ బేరం ఆడదు. ఊరికి కావలసింది ఆ మనిషే. ముందు ప్రాణమున్నవాళ్ళని లేపడం, తర్వాత బొమ్మ వేసుకుని మురవడం. మా అక్క దగ్గర మాత్రం వరస తిరగబడింది. మనిషి ఇంకా కూర్చునే ఉంది, బొమ్మ వచ్చేసింది. నాకు భయం పట్టుకుంది అందుకే.

ఎండ కాసింది. ఆ అమ్మాయి మళ్ళీ నిచ్చెన వేసింది. చెడ్డపిల్ల కాదు. కాకినాడ నుంచి వచ్చిందట, బొమ్మల కాలేజీలో చదివిందట. పుష్కరాల పనుల్లో భాగంగా గట్టు రోడ్డు గోడలన్నిటి మీదా ఈ ఊరి మనుషుల మొహాలు వెయ్యాలని పైనుంచి పని ఇచ్చారట.

"మామ్మగారూ, ఒక్కసారి ఇటు చూడండి. కొంచెం నవ్వండి."

"పళ్ళు లేవమ్మా."

"నేను పెడతాను లెండి."

పెట్టింది కూడా. గోడ మీద మా అక్కకి ముప్ఫై రెండు పళ్ళూ వచ్చాయి. చీర పసుపుపచ్చ, అంచు కుంకుమరంగు. అక్కకి అలాంటి చీర జన్మలో లేదు. తోటకూర చిలకపచ్చగా, ఒక్క ఆకుకీ పురుగు చిల్లు లేకుండా ఉంది. అక్క రోడ్డు దాటి అవతల గట్టు మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసింది.

"బాగుందా?" అన్నాను.

"బాగుందిరా. కానీ అది అమ్మేదాన్లా లేదు. పేరంటానికి పిలిచేదాన్లా ఉంది."

తర్వాత దండ పడింది. మన దగ్గర మామూలు మనిషి మొహం అంత పెద్దగా బజార్లో కనబడేది ఒక్కసారే. పోయిన మూడోరోజుకి శ్రద్ధాంజలి అని ఫ్లెక్సీ కడతారు చూడండి, అప్పుడు. ఎవరికో ఇదీ అలాగే తోచి గోడ మీది మేకుకి బంతిపూల దండ తగిలించి పోయారు. మర్నాడు ఇంకొకటి. గోడ అడుగున ఎవరో అగరొత్తులు కూడా గుచ్చారు. కొవ్వూరు నుంచి వారానికోసారి వచ్చే పాత ఖాతాదారు ఒకాయన స్కూటరు ఆపి, బొమ్మ వైపు చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టి నన్నడిగాడు.

"అయ్యయ్యో, ఎప్పుడు పోయారండీ మామ్మగారు? మొన్ననే కదండీ గోంగూర పట్టుకెళ్ళాను."

చెంగు ముసుగేసుకుని కింద కూర్చున్న అక్క తల పైకెత్తింది. "ఒరే సచ్చినోడా, గోంగూర ఇవాళ కూడా ఉంది. కావాలా, నా దినానికి పట్టుకెళ్తావా?"

ఆయన సిగ్గుపడి నాలుగు కట్టలు ఎక్కువ కొన్నాడు. అందరం నవ్వాం. అక్కే ఎక్కువ నవ్వింది. ఆ సాయంత్రం గంప ఎత్తుకుంటూ మాత్రం, "దండలు తీసి గోదాట్లో వేసెయ్యరా. అగరొత్తుల వాసన కూరకి పట్టేస్తోంది" అంది. వాసన కోసం కాదని నాకు తెలుసు.

ఆ వారంలోనే మున్సిపల్ ఆఫీసు నుంచి కుర్రాడొచ్చాడు. పేరూ హోదా నాకక్కర్లేదు. ఇన్షర్టు వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. మర్యాద ఎక్కువయ్యేసరికే నాకు అనుమానం వచ్చింది.

"అమ్మగారూ, కొంచెం పక్కకి జరగాలండి. ఫొటోలకి ఇబ్బందవుతోంది."

"ఎంత పక్కకి బాబూ?"

"గోడ దాటాకండి. ఇక్కడ కూర్చుంటే బొమ్మకి అడ్డమండి."

అక్కకి అర్థం కాలేదు. మెడ వెనక్కి విరిచి పైకి చూసింది. ఆ పెద్ద మొహం పళ్ళన్నీ బయటపెట్టి గోదావరి వైపు నవ్వుతోంది.

"ఆ బొమ్మ నాదే కదండీ?"

"ఆయ్, మీదేనండి. అందుకే కదా పాడవకూడదంటున్నాం."

నేను ఊరుకోలేదు. "ఏంటండీ ఇది? ఆవిడ బొమ్మకి ఆవిడే అడ్డమా? నా జన్మలో వినలేదు ఇలాంటి మాట."

"పెద్దాయనా, మీరు ఆవేశపడకండి. ఇది బ్యూటిఫికేషన్ జోన్. బుట్టలు ఉండకూడదు."

"బొమ్మలో బుట్ట ఉంది కదా?"

"అది ఆర్టండి."

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకి పంపారు. చివరి బల్ల ఆవిడ నా మాటంతా ఓపిగ్గా విని, "మీ అక్కగారు ఎంత అదృష్టవంతులండీ, ఊరంతా చూస్తోంది" అంది. నేను గొంతు పెంచాను. ఎవరో వచ్చి మంచినీళ్ళిచ్చి బయటకి నడిపించారు.

బొమ్మలేసిన అమ్మాయికి ఈ సంగతి తెలిసి మొహం చిన్నబుచ్చుకుంది. "నేను అలా అనుకోలేదు తాతగారూ. నేను చెప్పి చూస్తాను" అంది. చెప్పిందేమో కూడా. అప్పటికే ఆమె నిచ్చెన గోడ చివరికి, చెప్పులు కుట్టే ఆయన కూర్చునే మూలకి మారింది. ఆయన గడ్డం గీయించుకుని, తలకి నూనె రాసుకుని, తోలు కుట్టే ఆరె చేతిలో పట్టుకుని ఫొటోకి కూర్చున్నాడు.

నేను ఆయన దగ్గరికి వంగి, "ఒప్పుకోకయ్యా. నా మాట విను" అన్నాను.

"ఎందుకండీ?"

"బొమ్మ వేశాక నువ్వు అక్కర్లేదు వాళ్ళకి."

ఆయన ఆరె ఆడించి నవ్వాడు. "కుళ్ళండి బాబూ మీకు. అక్కగారి మొహం వేశారు, నా మొహం వేస్తున్నారు, మీది ఎవరూ వెయ్యట్లేదని కుళ్ళు!"

ఆ మధ్యాహ్నం ఆయన కన్ను కూడా గోడ మీదికి వచ్చింది.

ప్రారంభోత్సవం పెట్టారు. ఆ మర్యాద కుర్రాడే ఇంటికొచ్చి, అక్కే ముఖ్య అతిథి అని చెప్పి, ఒక కవరు చేతిలో పెట్టాడు. విప్పితే చీర. పసుపుపచ్చ, అంచు కుంకుమరంగు. ఎక్కడ వెతికి తెచ్చారో గాని, గోడ మీది చీరే.

"వెళ్ళకక్కా."

"పిలిచినప్పుడు వెళ్ళకపోతే ఎలారా? పెద్దవాళ్ళొస్తారు. నాలుగు మంచిమాటలు చెప్పి నా చోటు అడుక్కుంటాను. నీలాగ అరిస్తే ఇస్తారా ఎవరైనా?"

కట్టుకుంది. గోడ కింద వేసిన స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక అదే చీరలో అంత పెద్ద మొహం. జనం ఫోన్లెత్తి ముందు పైకి, తర్వాత కిందికి చూశారు, పోల్చుకుంటున్నట్టు. పళ్ళున్నది బాగుందని నా పక్కనెవరో అన్నారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. అక్క మైకుని రెండు చేతులతో, గంప పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నా చోటు నాకుంచండి బాబూ. ఇంకేం వద్దు. శాలువా కూడా మీరే తీసేసుకోండి."

చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పెద్దవాళ్ళు నవ్వుతూ కొట్టారు, వెనక పిల్లలు ఈలలు వేశారు. ముసలావిడ భలే మాట్లాడిందన్నారు. అందరూ విన్నారు, ఒక్కడూ వినలేదు. ఆ చప్పట్లలో అక్క నా కోసం జనంలో వెతికింది. కళ్ళు కలిశాయి. అప్పటిదాకా నేను దేనికి భయపడుతున్నానో ఆవిడకి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే మేం గంప తీసుకుని వెళ్ళేసరికి మేస్త్రీలు అక్కడే ఉన్నారు. గోడకి బారెడు దూరంలో, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, నడుమెత్తు ఇనుప కంచె. కంచె గుంజల కింద పోసిన సిమెంటు ఇంకా తడిగానే ఉంది. గోడకీ కంచెకీ మధ్య వరసగా పూలకుండీలు. లోపలికి వెళ్ళే దారి ఎక్కడా వదల్లేదు. కంచె ఇవతల ఫుట్‌పాత్ మిగల్లేదు, నేరుగా రోడ్డే.

నేను అరవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. రోడ్డు మీద, కంచెకి వీపు ఆనించి కూర్చుని, గోనె పరిచి, కట్టలు సర్దుకుంది. తన పాత చోటుకి ఎదురుగానే, బారెడు ఇవతల. నీడ మాత్రం అక్కడిదాకా ఎంతోసేపు ఉండదు.

"అక్కడ కూర్చుంటే మా బాధ్యత కాదండీ" అని కుర్రాడు బండి దిగకుండానే చెప్పి పోయాడు.

"ఎవరి బాధ్యతా కాదులే నాయనా, వెళ్ళిరా" అంది అక్క.

మానెయ్యమని బతిమాలాను, తిట్టాను, ఒకపూట అన్నం మానేశాను. వినలేదు. ఇంటికెళ్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. అందుకని ఇప్పుడు రోజూ పొద్దున్న నేనూ వెళ్తున్నాను. అక్కకి అవతల, రోడ్డు వైపు నిలబడతాను. చేతిలో ఎర్ర తువ్వాలు. గట్టు మలుపు దగ్గర బస్సు హారను వినబడగానే తువ్వాలు ఊపుతాను. కొందరు డ్రైవర్లు చూసి పక్కకి కోస్తారు. ఇసక లారీల వాళ్ళు చూడరు. వాళ్ళ చూపు పైన ఉంటుంది, బొమ్మ మీద. లారీ పోయిన గాలికి తోటకూర కట్టలు దొర్లుతాయి, అక్క చెంగు లేచి చక్రం వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆవిడ కట్టలు ఏరుకుంటుంది. నేను మలుపు వైపు తిరిగి నిలబడతాను. ఇంకో హారను వినబడుతుంది.