రెండోసారి మరిపించిన పాలు

నా చిన్నప్పుడు నాకు రెండుసార్లు పాలు మరిపించారు. యాభై ఏళ్లకు పైగా ఈ ముచ్చట ఎత్తుతూనే ఉన్నాను. ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు, లేకపోతే చాయ్ పెట్టడానికి లేచిపోతారు. ఒక్కరూ చివరిదాకా వినలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మేము గౌలిపురలో ఉండేవాళ్లం. బాపుకు నాలుగు బర్రెలు. ఇంట్లో నేనే చిన్నదాన్ని కాబట్టి నాలుగేళ్లు నిండినా అమ్మ దగ్గర పాలు తాగుతూనే ఉన్నాను. "బర్రెలోళ్ల పిల్ల గదా, దుడ్డెకన్న ఎక్కువ తాగుతది" అని వాడకట్టు ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. అమ్మ కొంగు కప్పి, నా తలమీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. అమ్మకు మళ్లీ నెలలు నిండుతుంటే నానమ్మ వేపాకు నూరి రొమ్ములకు పూసింది. మూడు రోజులు ఏడ్చాను, తర్వాత మానేశాను. అది మొదటిసారి. దానిమీద నాకు ఫిర్యాదు లేదు.

తమ్ముడు పుట్టి తొమ్మిది రోజులే బతికాడు. ఇరవై ఒకటో రోజున పెట్టాలని అమ్మ అనుకున్న పేరు అలాగే ఉండిపోయింది. అమ్మ ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడి జ్వరం వచ్చింది. నానమ్మ నన్ను పిలిచి, "రా బిడ్డా, అమ్మ మల్ల పాలిస్తది" అంది. నేను ఎగురుకుంటూ వెళ్లాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, తొయ్యనూ లేదు. తలమీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. నేను తాగాను. రోజూ తాగాను.

ఆ రోజుల్లోనే మా బర్రెల్లో ఒకదానికి పుట్టిన దుడ్డె చచ్చిపోయింది. బాపు దాని తోలు ఎండబెట్టి, గడ్డి కూరి కుట్టి, బర్రె ముందు నిలబెట్టాడు. బర్రె దాన్ని నాకింది. పాలు చేపింది. బాపు పిండుకున్నాడు.

"బాపూ, అది ఉత్త గడ్డని బర్రెకు ఎర్కలేదా?"

"ఎర్కనే బిడ్డా. అయినా చేపుతది. పాలు ఆగితే నొప్పి దానికే గద."

నేను బర్రెను చూడలేదు. గడ్డి దుడ్డెనే చూస్తూ నిలబడ్డాను. దాని కడుపు మీద గోనెదారం కుట్లు ఉన్నాయి. మా ఇంట్లో నేనేమిటో నాకు ఆ పొద్దున తెలిసింది.

జ్వరం తగ్గి, అమ్మ లేచి కూర్చున్నాక నానమ్మ మళ్లీ వేపాకు నూరింది. ఈసారి నేను ఏడవలేదు. ఆ చేదు నోట్లో పెట్టుకుని వదల్లేదు. నానమ్మ పగలబడి నవ్వింది. "సూడుండ్రి, ఎంత మొండిదో! యాపాకు గిట్ల నాకుతరా ఎవరన్న!" ఆ నవ్వు మధ్యలో అమ్మకు పాలు చేపుకొచ్చాయి. నా తలమీద చెయ్యి పడింది. అమ్మ ఎవరినో పేరు పెట్టి పిలిచింది. ఒకటే మాట. నానమ్మ నవ్వులో అది నాకు వినపడలేదు. అమ్మ పక్కన, ఆమె భుజానికి ఆనుకుని, పదేళ్ల మా అక్క కూర్చుని ఉంది.

మర్నాటి నుంచి నన్ను దగ్గరికి రానివ్వలేదు. మా ఇళ్లలో దీన్ని పాలు మరిపించడం అంటారు. నేను మరవలేదు.

నా ఇద్దరు పిల్లలకు నేను వేపాకు పూయలేదు. బడికి పోయే పిల్లకు ఇంకా పాలేందని అత్తగారింట్లో ఎవరెవరు ఏమన్నారో అన్నీ గుర్తున్నాయి. పిల్లలు వాళ్లంతట వాళ్లే మరిచిపోయేదాకా ఇచ్చాను. ఈ వయసులో కూడా ఎవరైనా నా తలమీద చెయ్యి వేస్తే, అది నాకోసమేనా అని ఒక క్షణం ఆగుతాను.

అమ్మ లేదు, నానమ్మ లేదు. మలక్‌పేటలో అక్క ఉంది. ఎప్పుడు అడిగినా "పాత ముచ్చట్లు ఎందుకు తవ్వుతవే" అని మాట మారుస్తుంది. అక్కా, నీ మనవరాలితో ఇది చదివించుకో. ఆ రోజు అమ్మ పిలిచింది నా పేరా, తమ్ముడికి అనుకున్న పేరా? ఏదైనా సరే. చెప్పు.